పచ్చదారం కట్టిన కోళ్లు

ఫారంలో అది పదకొండో ప్రశ్న. "గడిచిన ఇరవై ఒక్క రోజుల్లో బయటి ఊళ్ల నుంచి కోళ్లు, కోడిపిల్లలు, గుడ్లు ఏమైనా తెచ్చారా?" నేను చదివి వినిపించాను. మా అక్క రాధిక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "తేలే" అంది. మా బావ దేవేందర్ ఆమె వంక ఒకసారి చూసి తల అడ్డంగా ఊపాడు. నేను "లేదు" అని రాసి ఇద్దరితో సంతకాలు పెట్టించాను.

తల నుంచి కాలిదాకా తెల్లటి ప్లాస్టిక్ సూటు, కళ్లద్దాలు, ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు. అందులోంచి సొంత అక్కను "మీ పేరు? ఇంట్లో ఎంతమంది ఉంటారు?" అని అడగాల్సి వచ్చింది. ఇంకెప్పుడైనా అయితే ఇద్దరం పడీపడీ నవ్వుకునేవాళ్లం. ఆ రోజు అక్క నా వైపు చూడనైనా లేదు. ఏడుపు ఆపుకుంటోందనుకున్నాను. ఎనిమిదేళ్లుగా పశువుల దవాఖానలో అసిస్టెంటుగా పనిచేస్తున్నాను, గొడ్డు చెవి ముట్టుకుని జ్వరం ఉందో లేదో చెప్పేస్తాను. అక్క ముఖంలో అబద్ధాన్ని మాత్రం పట్టుకోలేకపోయాను.

నా ఉద్యోగం బీర్పూర్‌లో. అక్కను ఇచ్చింది కోరుట్ల పక్కనున్న గుండ్లవాగుపల్లెకు. బావ తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నాలుగేళ్ల కింద మోకు జారి చెట్టు మీంచి పడ్డాడు. నడుము దెబ్బతింది, ఇక చెట్టెక్కితే మంచాన పడతావని డాక్టర్లు చెప్పారు. అప్పుడు ఇంటి వెనక అర ఎకరంలో నాటుకోళ్ల షెడ్డు వేశారు. ఎనిమిది వందల కోళ్లు. పొద్దున లేచిన దగ్గర్నుంచి వాటి చుట్టే ఇద్దరి బతుకూ. ఆ షెడ్డులో ఒకనాడు పన్నెండు చచ్చాయి, మర్నాడు నలభై. జుట్లు నల్లబడ్డాయి, మెడలు వంకర తిరిగాయి. శాంపిళ్లు తీసి పంపితే బర్డ్ ఫ్లూ అని రిపోర్టు వచ్చింది. చుట్టూ కిలోమీటరు లోపల రెక్కలున్న ప్రాణి ఏదీ మిగలకూడదని ఆర్డరు. జిల్లాలోని దవాఖానల నుంచి పన్నెండు మందిని పోగేశారు. మా టీముకు పెద్ద డాక్టర్ ప్రీతి మేడం. షెడ్డు ఎవరిదో తెలిసి ఆమె నన్ను "నువ్వు వద్దులే లతా" అంది. నేనే వస్తానన్నాను. పరాయివాళ్ల చేతుల్లో కంటే నా చేతుల్లో అయితే అక్కకు కాస్త నయం అనుకున్నాను. ఎంత తెలివి తక్కువ ఆలోచనో సాయంత్రానికి తెలిసింది.

ఊరు ఊరంతా బెదిరిపోయి ఉంది. కోరుట్లలో చికెన్ సెంటర్లకు షట్టర్లు దించేశారు. బడిలో పిల్లల పళ్లెంలోంచి గుడ్డు మాయమైంది. ఫోన్లలో ఎవరో పంపిన వీడియోలు చూసి జనం కాకి అరిచినా తలుపులు వేసుకుంటున్నారు. మేము జీపు దిగామో లేదో ఒక ముసలామె పరుగెత్తుకొచ్చి, నిన్న రెండుసార్లు దగ్గిన తన మనవడి గొంతు చూడమని నా చెయ్యి పట్టుకుంది. నేను మనుషుల డాక్టర్ని కాదు, ఆ మాటకొస్తే పశువుల డాక్టర్ని కూడా కాదు అంటే ఒక పట్టాన వినలేదు.

చంపిన కోళ్లను పూడ్చే గొయ్యి మీద ఇంకో పంచాయితీ. జేసీబీ వచ్చి నిలబడింది గాని ఎక్కడ తవ్వాలో తేలలేదు. గుట్ట కింద తవ్వబోతే మా బోర్లలోకి రోగం దిగుతుందని పదిమంది అడ్డం పడుకున్నారు. రోడ్డు పక్క తవ్వబోతే కుక్కలు తోడి ఇళ్ల ముందు పడేస్తాయన్నారు. లోతుగా తవ్వి, అడుగున సున్నం, పైన సున్నం వేస్తామని మేడం ఎంత చెప్పినా "సున్నమేసినంక మీరు జీపెక్కి పోతరు, నీళ్లు తాగేది మేము" అన్నారు. అందులో తప్పేమీ కనబడలేదు నాకు. వాళ్ల చోట నేనున్నా అదే అనేదాన్ని. చివరికి బావ ముందుకొచ్చాడు. "నా జాగలనే తవ్వుండ్రి. నా బోరెట్లాగూ ఎండవాయె" అన్నాడు. ఆయన షెడ్డుకు నీళ్లు పక్క షెడ్డు గంగారాం బోరు నుంచి పైపు వేసుకుని తెచ్చుకుంటున్నాడు. జేసీబీ ఆయన తాటిచెట్ల వరస పక్కనే తవ్వడం మొదలుపెట్టింది.

రక్తం చుక్క నేల మీద పడకుండా కోడిని చంపాలి. దానికో పద్ధతి ఉంది. అంతకంటే వివరంగా చెప్పను. బావ తనకూ ఒక సూటు ఇమ్మన్నాడు. "మీరు పడితే బెదురుతయి. నేను పడితే బెదరయి" అన్నాడు. నిజంగానే బెదరలేదు. ఆయన వంగి రెండు చేతులతో ఒక్కోదాన్నే ఎత్తి, రెక్కలు దగ్గరికి నొక్కి మాకు అందించాడు. అవి కిక్కురుమనకుండా ఆయన చేతుల్లోంచి మా చేతుల్లోకి వచ్చాయి. కళ్లద్దాల లోపల ఏడిస్తే తుడుచుకునే దారి ఉండదు. అద్దాలు మసకబారి రెండుసార్లు బయటికి పోయి నిలబడ్డాను.

బయట, ఎవరూ రాకుండా షెడ్డు చుట్టూ కట్టిన తాడు అవతల గంగారాం ఉన్నాడు. అరవై దాటిన మనిషి. అతని షెడ్డులో రెండు వేల బ్రాయిలర్లు, అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. మధ్యాహ్నం వంతు వాటిదే. "నా కోళ్లకేమైంది మేడం? ఒక్కటన్న తుమ్మిందా? ఒక్కటన్న మెడ వాల్చిందా?" అని పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ అడుగుతున్నాడు. ఇక ఉండబట్టలేక గాలిలోకి చేతులెత్తి, "ఎవలు తెచ్చిండ్రో గని గీ రోగాన్ని, ఆళ్ల ఇల్లు గిట్లనే మట్టిల గలువాలె" అన్నాడు. నేనూ మనసులో అతనితోపాటు ఆ మాటే అనుకున్నాను. అది కూడా చెప్పుకోవాలి.

షెడ్డు సగం ఖాళీ అయ్యాక, మూలన నీళ్ల డబ్బా వెనక ఎప్పుడో చచ్చిన కోడి ఒకటి కనబడింది. ఎర్ర పెట్ట. కాళ్లు పట్టుకుని సంచిలో వేయబోతుంటే ఎడమ కాలికి పచ్చదారం. పాలిస్టర్ దారం, రెండు చుట్లు చుట్టి బిగించిన ముడి. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు నడిచే కార్ఖానాల్లో తెగి కింద పడిన దారం అట్లాగే మెరుస్తుంది. ఎల్లారెడ్డిపేట మండలంలోని మా అమ్మగారి ఊళ్లో, మా వాడలో సగం మంది ఆ కార్ఖానాలకు పనికి పోతారు. వచ్చేటప్పుడు ఊడ్చి పారేసే దారం పట్టుకొస్తారు. ఆడవాళ్లు ఎవరి కోళ్లు వాళ్లకు తెలియాలని కాళ్లకు కట్టుకుంటారు. ఒకరిది ఎరుపు, ఒకరిది పసుపు. పచ్చది మా అమ్మ మల్లవ్వది. ముప్పై ఏళ్లుగా ఆమె రంగు మారలేదు.

మా వైపు ఆడవాళ్లకు ఒక అలవాటుంది. ఊళ్లో కోళ్లకు రోగం తగిలి చావడం మొదలవగానే, ఇంకా తిరుగుతున్నవాటిని గంపకెత్తి, పైన పాత చీర కప్పి కట్టి, బస్సెక్కి వేరే ఊరికి చేరవేస్తారు. పుట్టింటికో బిడ్డ ఇంటికో. రోగం చల్లబడ్డాక మళ్లీ పోయి తెచ్చుకుంటారు. గుడ్లు పెడుతున్న కోడిని, పొదుగుతున్న కోడిని మాత్రం కదపరు, దాని రాత దానికి వదిలేస్తారు. ఇందులో తప్పుందని ఎవరికీ తోచదు. నా చిన్నప్పుడు నేనే మా మేనత్త ఊరికి పోయే బస్సులో ఒళ్లో గంప పెట్టుకుని, లోపల అవి గోళ్లతో గీరుతుంటే కిటికీ పక్కన కూర్చుని పోయాను. ప్రాణం కాపాడుతున్నానని ఎంత గర్వపడ్డానో.

చుట్టూ చూశాను. ఎవరి పనిలో వాళ్లున్నారు. నడుముకున్న కత్తెర తీసి ఆ దారం కత్తిరించాను. కోడితోపాటే సంచిలో వేసి మూతి బిగించి కట్టాను. ఏం చేశానో నాకు బాగా తెలుసు.

సూటు విప్పి, మందు నీళ్లతో ఒళ్లు కడుక్కునే చోటికి అక్క బకెట్టుతో వచ్చింది. తాడు ఇవతల నేను, అవతల ఆమె.

"అమ్మ ఎప్పుడచ్చింది?" అన్నాను.

అక్క బకెట్టు కింద పెట్టింది. ఏ అమ్మ, ఎక్కడికి అని అడగలేదు. "పదహారు రోజులైంది" అంది.

"ఎన్ని తెచ్చింది?"

"పది. తొమ్మిది ముందుగాల సచ్చినయి. ఒకటి నీకు పట్కపోయింది గదా."

అవును, తెచ్చింది. రెండు వారాల కింద అమ్మ బీర్పూర్ వచ్చింది. సంచిలో ఒక కోడి. "మానసకు కోడికూరంటే పానం గదా" అంది. నేను ఆ కోడి ఎక్కడిదని అడగలేదు, ఈ ఎండన పడి ఎందుకొచ్చావని కూడా అడగలేదు. దవాఖాన గోడ మీద "కోళ్లను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తరలించవద్దు" అని పోస్టర్ అంటించిన చేత్తోనే ఆ రోజు మసాలా నూరాను. నా బిడ్డ మానస ఆ కోడి కాలికున్న పచ్చదారం విప్పుకుని, గాజులాగా చేతికి కట్టుకుని బడికి పోయింది. ముద్దుగా ఉందని నేనే ముడి వేశాను.

"లతా, చెప్పకే" అంది అక్క. "గంగారాం మామ కోళ్లు రెండు వేలు. మంచిగున్నయాటిని సంపుతున్నరు. నా తల్లి గంపల పెట్టి తెచ్చిందంటే గీ వాడల నాకు నీళ్లు పుట్టవు. నీ బావ చెట్టు మీది నుంచి పడ్డనాడు సుత గింత ఏడ్వలే. నిన్న షెడ్డుల కూసోని ఏడ్సిండు. నన్ను ఒక్క మాట అనలే. గదే నాకు పానం మీదికి అస్తున్నది."

"చెప్పకపోతే అమ్మోళ్ల ఊళ్లె ఎవలు చూస్తరే? ఆడికి ఎవలు పోతరు?"

"ఆడ సల్లవడ్డదట. అమ్మనే చెప్పింది." ఆమె కళ్లు తుడుచుకుని నా వైపు సూటిగా చూసింది, ఆ రోజు మొదటిసారి. "నువ్వు తినలేదా మరి? నీ పేరు సుత రాసుకుంటవా ఆ కాగితంల?"

తాటిచెట్ల పక్కకు పోయి ముందు మా ఇంటికి ఫోన్ చేశాను. మానస ఎత్తింది. జ్వరం ఉందా, గొంతు నొప్పా, దగ్గొస్తోందా అని ఊపిరాడకుండా అడిగాను. "ఏం లేదమ్మా, హోంవర్క్ చేస్తున్న" అంది. చేతికున్న పచ్చదారం ఏమైందని అడిగితే "ఎప్పుడో తెగిపాయె" అని, "మళ్ల అమ్మమ్మను తెమ్మనవా?" అంది. నా బిడ్డ బాగుంది. అది విన్నాక మిగతావాళ్ల పిల్లలు గుర్తొచ్చారు. ముందు నా బిడ్డ, తర్వాతే మిగతావాళ్లు. నేను అంతకంటే మంచిదాన్నేమీ కాదు.

తర్వాత అమ్మకు చేశాను.

"నా కోళ్లు మంచిగున్నయా బిడ్డా?" అమ్మ నోట మొదటి మాట అదే. "అక్కను ఎన్నిసార్లడిగినా ఏం చెప్తలేదు. ఆయితారం అచ్చి తోలుకపోదామనుకుంటున్న."

"ఊళ్లె సల్లవడ్డదా అమ్మా?"

"సల్లవడ్డదనుకున్నం. మళ్ల మొదలైంది. నిన్న ఒక్కనాడే వాడల ఏడు సచ్చినయి. పిల్లలు కాళ్లు పట్టి గుంజుకపోయి వాగుల ఏసి అస్తున్నరు. కొందరైతే మెడ వాల్చంగనే కోసుకొని వండుకున్నరు. ఊకెనే ఎందుకు పారేసుడని."

పిల్లలు. చెప్పులు లేని కాళ్లతో, చచ్చిన కోళ్లను ఈడ్చుకుంటూ వాగు దాకా. ఆ వాడలో ప్రతి పిల్ల పేరూ నాకు తెలుసు. ఇక దాచే ఓపిక లేకపోయింది. జరిగింది చెప్పాను. కోళ్లు పోయాయని, ఎనిమిది వందలూ పోయాయని, పక్క షెడ్డువి మంచివి రెండు వేలు కూడా పోతున్నాయని. ఎర్ర పెట్ట కాలికి దారం చూశానని.

ఫోన్ కట్టయిందేమోనని రెండుసార్లు పిలిచాను.

"రాధిక వద్దన్నది" అంది అమ్మ ఎట్టకేలకు. "షెడ్డుల గలపకే అమ్మా, గంప కిందనే ఉంచుదామన్నది. నేనే ఇనలే. పది పానాలు గంప కింద ఎన్నొద్దులుంటయని నేనే ఇడిసిన. దాని కాపురంల నేనే మన్నువోసిన."

"గట్లనకే."

"మరేమనాలె? ఏదో కాగితం రాస్తరు గదా మీరు. రాయి బిడ్డా. నా పేరు రాయి. ఎల్లారెడ్డిపేట కాడికెల్లి మల్లవ్వ తెచ్చిందని రాయి. రాధిక పేరు రాకుంట చూడు."

ఏ ఇంటికి తెచ్చారన్నది కూడా ఫారంలో రాయాలి. రాధిక పేరు రాకుండా ఆ కాగితం పూర్తికాదు. ఆ ముక్క అమ్మకు చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. "సరే" అని ఫోన్ పెట్టేశాను.

ప్రీతి మేడం జీపు బానెట్ మీద కాగితాలు పరుచుకుని ఉంది. నేను అక్క వాళ్ల ఫారం వెతికి తీసి, పదకొండో ప్రశ్న ఎదురుగా ఉన్న "లేదు" కొట్టేసి "అవును" అని రాశాను. ఎవరు తెచ్చారు, ఏ ఊరి నుంచి, ఏ బస్సుల్లో, ఎన్ని రోజుల కింద, ఎన్ని, అన్నీ రాశాను. చివరి వరసలో, అందులో ఒక కోడి బీర్పూర్‌లో లత ఇంటికి చేరిందని, వండుకుని తిన్నారని రాసి సంతకం పెట్టాను. దారం కత్తిరించిన సంగతి నోటితో చెప్పాను.

మేడం రెండుసార్లు చదివింది. "ఇది నువ్వు రాయకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు లతా" అంది.

"తెలుసు మేడం."

ఆమె అక్కడే నిలబడి సిరిసిల్ల జిల్లా పశువుల ఆఫీసుకు ఫోన్ చేసింది. సిగ్నల్ సరిగ్గా లేక గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. ఊరి పేరు, మనిషి పేరు, గంప, కోళ్లు, ఒక్కోటీ రెండేసిసార్లు. తాడు దగ్గర నిలబడ్డ గంగారాంకు అన్నీ వినబడ్డాయి. తిడతాడనుకున్నాను. మీదికొస్తాడనుకున్నాను. అతను మా బావ వైపు చూశాడు, షెడ్డు గుమ్మంలో నిలబడ్డ అక్క వైపు చూశాడు, తువ్వాలు భుజాన వేసుకుని ఇంటికి పోయాడు. మర్నాడు పొద్దున తన బోరు నుంచి బావకిచ్చిన పైపు విప్పి చుట్ట చుట్టి తీసుకుపోయాడట.

అక్క నన్ను ఒకే మాట అడిగింది. "రాసినవా?"

"రాసిన."

లోపలికి పోయి తలుపు వేసుకుంది. బావ గొయ్యి గట్టున కూర్చుని, చివరి సంచి పడి, సున్నం పడి, మట్టి పడేదాకా కదల్లేదు. చీకటి పడకముందే మేం జీపెక్కాం. అక్క తలుపు తీయలేదు.

మమ్మల్నందరినీ పది రోజులు ఇళ్లలోనే ఉండమన్నారు. మానసకు, నాకు, మా ఆయనకు గొంతులో పుల్ల పెట్టి పరీక్షలు చేశారు. ఏమీ లేదని తేలింది. అమ్మగారి ఊళ్లో తీసిన శాంపిళ్లు ఒకసారి చాలక మళ్లీ తీశారు. ఆ రిపోర్టు వచ్చేసరికి నా పది రోజులూ అయిపోయాయి. అక్కడ కూడా అదే రోగం. అదృష్టం బాగుండి మనుషుల్లో ఎవరికీ రాలేదు. వాడలో పిల్లలందరినీ దవాఖానవాళ్లు రోజూ చూసి పోతున్నారు. అక్కకు నేను రోజుకు రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

పదకొండో రోజు సిరిసిల్ల టీము డాక్టర్ నుంచి కబురు. "పొద్దుట్నుంచి ఎనిమిది మందిమి ఉరుకుతున్నం, ముప్పై కోళ్లు కూడా దొరకలేదు. ఆడవాళ్లు ఎవరూ సహకరించడం లేదు. మీ ఊరే కదా, ఒకసారి రండి." పోయాను. ఈసారి మా వాడ గల్లీలో తెల్ల సూటు వేసుకుని నడవాల్సి వచ్చింది.

షెడ్డు కోళ్లు వేరు, వాడ కోళ్లు వేరు. వాడ కోడి పగలు ఎవరికీ దొరకదు. కొన్ని ఇంటికప్పుల మీద, కొన్ని చింతకొమ్మల్లో. మిగతావాటిని ఆడవాళ్లు వడ్ల గుమ్మిలో, బాత్రూంలో, మంచాల కింద దాచారు. వలలు పట్టుకుని టీమువాళ్లు ఒగరుస్తున్నారు. గల్లీ మొదట్లో మా అమ్మ నిలబడి ఉంది. నా అడుగు చూసి పోల్చుకుంది.

"గిట్లురికితే దొరుకుతయా బిడ్డా?" అంది. లోపలికి పోయి చాటలో నూకలు తెచ్చింది.

వాడ ఆడవాళ్లు ఆమెను ఏమనాలో అన్నీ అన్నారు. "నీ కోళ్లు పోయినయని మా కోళ్ల మీదికి తోలుకచ్చినవా? పేరు రాయిచ్చినవట! నీ నోరెందుకు ఊకుండలే?" అమ్మ అందరినీ చివరిదాకా అననిచ్చింది.

"నేను చేసిందే. తిట్టుండ్రి" అంది. "మీ పిల్లలు ఆటిని పట్టుకొని ఆడుకుంటున్నరు. నా బిడ్డ షెడ్డు చూసినంక సుత నేను ఊకుంటే మనిషినేనా? తిట్టుకుంటనే పిలువుండ్రి. మీరు పిలిస్తెనే అస్తయి అవి."

అని గల్లీ మధ్యలో నిలబడి నూకలు చల్లి, "బో బో బో" అని పిలిచింది. ఆమె పిలిస్తే వచ్చే కోళ్లు ఎప్పుడో పోయాయి. అయినా ఆ పిలుపు పక్కింటి కోళ్లకూ తెలుసు. ఒకటి కప్పు మీంచి దూకింది. తర్వాత ఇంకో రెండు. చూసి చూసి పక్కింటామె ఏడుస్తూ తానూ పిలిచింది. తర్వాత ఎదురింటామె. కాసేపటికి గల్లీ నిండా ఆడవాళ్ల గొంతులే. ఎర్రదారం, పసుపుదారం, తెల్లదారం కట్టిన కాళ్లు పరుగెత్తుకుంటూ నూకల మీదికి వచ్చాయి. పిలిచిన మనిషి కాళ్ల దగ్గరికే వచ్చాయి. మా పని సులువైంది. ఇంత సులువుగా కాకుంటే బాగుండేదని నాకు అనిపించింది.

అన్నీ అయ్యాక అమ్మ నన్ను ఇంటి వెనకకు పిలిచింది. అక్కడ పాత బుట్టలో బూడిద రంగు పెట్ట ఒకటి గుడ్ల మీద కూర్చుని ఉంది. పది కోళ్లను గంపకెత్తిన రోజు గుడ్లు పెడుతోందని దీన్ని మాత్రం కదపలేదు, ఆ తర్వాతే పొదగడానికి కూర్చుంది. వాడలో రోగం రెండుసార్లు తిరిగినా దానికి ఏమీ కాలేదు. తెల్ల సూటు చూసి మెడ వెంట్రుకలు లేపింది, లేవలేదు.

"దీన్ని నేను దాయలే" అంది అమ్మ. "అందరియి అయినంక చూపెడదామనుకున్న."

ఆమె రెండు చేతులూ రెక్కల కిందికి పోనిచ్చి లేపింది. గుడ్లు పదకొండు. ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. గుడ్లు కూడా సంచిలోకే. నేను ఒక్కోటీ తీసి పెట్టాను. అమ్మ కోడిని గుండెకు ఆనించుకుని నిలబడింది. అక్క ఫోన్ చేసిందా అని అడిగాను. లేదని తలూపింది.

"నువ్వు రాసినందుకు కాదు" అంది. "నేను తెచ్చినందుకు. నేను పోయి ఆ గంగారాం కాళ్లు పట్టుకుంట. ఇప్పుడు ఆ ఊరికి పోనిస్తరా నన్ను?"

"నెల రోజులు ఎటు పోవద్దు అమ్మా."

"నెలైనంక పోత."

కోడిని నాకు అందించింది. దాని ఎడమ కాలికి పచ్చదారం. ఏమాలోచించానో ఏమో, నా చెయ్యి దానంతటదే నడుము దగ్గరి కత్తెర మీదికి పోయింది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. గ్లవుజు మీంచి కూడా ఆ పట్టు తెలిసింది.

"తెంపకు" అంది. "ఎవలదో తెల్వనియ్యి."

కత్తెర వదిలేశాను. దారం కాలికి అట్లాగే ఉంచి ఆ కోడిని గొయ్యి దగ్గరికి నేనే మోసుకుపోయాను.